ఫోటోలో పడకూడని ఫైళ్లు

ఒడిశాలోని బరంపురం స్టేషన్లో రైలెక్కే తెలుగు చుట్టం సంచిలో అప్పడాల కట్ట ఒకటి ఉండి తీరుతుంది. ఆ ఊళ్లోనే ఒక ఇంజినీరింగు కుర్రాణ్ణి ఊహించుకుందాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు. పక్కవీధి పిన్నిగారు అప్పడాలు ఒత్తి, ఆవకాయ కలిపి అమ్ముకుంటారు. "నీ కంప్యూటరు చదువు మా అప్పడాలకేమైనా పనికొస్తాదేట్రా?" అని ఆవిడ ఒక సాయంత్రం అన్నారు. కుర్రాడికి పంతం వచ్చింది. వారం తిరిగేసరికి ఆర్డర్లు తీసుకుని డబ్బు కట్టించుకునే వెబ్‌సైటు తయారైంది. రేపు ఉద్యోగాల ఇంటర్వ్యూలో చూపించుకోవచ్చు కదా అని, అదే రాత్రి దాని కోడంతా గిట్‌హబ్‌లో అందరికీ కనబడేలా పెట్టేశాడు.

పెట్టడానికి మూడే ఆదేశాలు. 'గిట్ యాడ్', దాని పక్కన ఒక చుక్క. తర్వాత 'గిట్ కమిట్'. ఆపైన, గిట్‌హబ్‌కు పంపడానికి, 'గిట్ పుష్'.

ఆ చుక్కలోనే ఉంది చిక్కంతా.

'ఈ ఫోల్డరూ, ఇందులో ఉన్న సమస్తమూ' అని ఆ చుక్కకు అర్థం. సమస్తంలో కుర్రాడు చేత్తో రాసిన పాతిక ఫైళ్లున్నాయి. ఇంటర్నెట్ నుంచి దింపుకున్న లైబ్రరీలు వేల ఫైళ్లుగా పేరుకున్న 'నోడ్ మాడ్యూల్స్' ఫోల్డరుంది. ప్రోగ్రాము నడిచినప్పుడల్లా రాసుకుంటూ పోయే లాగ్ ఫైళ్లున్నాయి. మ్యాక్ కంప్యూటరు తన సొంత లెక్కల కోసం ఫోల్డర్లలో వదిలివెళ్లే 'డీఎస్ స్టోర్' ఫైలుంది. అన్నిటికన్నా చిన్నది, నాలుగు వరసలది, 'డాట్ ఎన్వ్' అనే ఫైలు కూడా ఉంది. డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ ఇచ్చిన రహస్య కీ, కొన్నవాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న డేటాబేసుకు పాస్‌వర్డూ ఉన్నది ఆ నాలుగు వరసల్లోనే.

పెళ్లి ఫోటో లెక్క

రాసిన ప్రోగ్రాము ఏ రోజు ఎలా ఉండేదో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్లు కొత్తవేమీ కావు. బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోష్‌కిండ్ 1972లోనే అలాంటిదొకటి తయారుచేశాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న గిట్ 2005లో పుట్టింది. లినక్స్ కెర్నెల్ రాసే బృందానికి అప్పటిదాకా ఉచితంగా దొరికిన బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్ ఇక దొరకదని తేలిపోయింది. ఏప్రిల్ మొదటివారంలో లైనస్ టోర్వాల్డ్స్ సొంతంగా ఒకటి రాయడానికి కూచున్నాడు. ఏప్రిల్ 7 నాటికి గిట్ తన కోడును తనలోనే దాచుకోగలిగింది. జులైలో దాని బాగోగులు జునియో హమానో చేతికి వెళ్లాయి.

గిట్‌కు కమిట్ అంటే ఫోటో. ఆ క్షణంలో ప్రాజెక్టు మొత్తం ఎలా ఉందో అలా తీసి ఆల్బంలో అంటిస్తుంది. పెళ్లిపందిట్లో ఫోటోగ్రాఫరు పని తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పందిట్లో అందరూ ఉంటారు: చుట్టాలు, వంటవాళ్లు, సన్నాయివాళ్లు, షామియానా కట్టడానికొచ్చిన కుర్రాళ్లు. అందరూ ఫోటోలోకి రారు. "ఆడపెళ్లివారు రండి" అని పిలిస్తే కొందరొచ్చి వేదిక మీద నిలబడతారు. అప్పుడు క్లిక్కు. గిట్‌లో పందిరికి 'వర్కింగ్ ట్రీ' అని, వేదికకు 'స్టేజింగ్ ఏరియా' లేదా 'ఇండెక్స్' అని పేరు. 'యాడ్' అన్నది వేదిక మీదికి పిలవడం. 'కమిట్' అన్నది క్లిక్కు. కుర్రాడు కొట్టిన చుక్క "పందిట్లో ఉన్నవాళ్లంతా వేదికెక్కండి" అన్న కేక.

ఆ కేక వేసినా కొందరు కదలకుండా ఉండాలంటే ముందే ఫోటోగ్రాఫరు చేతికి ఒక జాబితా ఇవ్వాలి. ఆ జాబితా పేరే 'డాట్ గిట్‌ఇగ్నోర్'. పేరు చుక్కతో మొదలవుతుంది గనక లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో మామూలుగా కళ్లకు కనబడదు. తెరిచి చూస్తే ఉత్త అక్షరాల ఫైలు, వరసకొక నియమం.

ఈ ఏర్పాటు గిట్ కనిపెట్టింది కాదు. 1980లలో పుట్టిన సీవీఎస్‌కు 'సీవీఎస్ ఇగ్నోర్' ఉండేది. కంపైలరు మధ్యలో పుట్టించే ఫైళ్లు, ఎడిటరు వదిలే నకళ్లు వంటివాటిని ఎవరూ చెప్పకుండానే అది పక్కనపెట్టేది. 2000లో వచ్చిన సబ్‌వర్షన్ ఆ జాబితాను ఫోల్డరుకు తగిలించిన చీటీలా దాచేది. గిట్ మాత్రం చెప్పకపోతే దేన్నీ వదలదు.

ఐదు గుర్తుల వ్యాకరణం

జాబితా రాయడానికి గుర్తులు కొన్నే. పేరు చివర ఏటవాలు గీత పెడితే అది ఫోల్డర్లకే వర్తిస్తుంది. అదే గీతను పేరుకు ముందు పెడితే, జాబితా ఎక్కడుందో ఆ ఫోల్డరులోని ఫైలుకు మాత్రమే. గీత లేకుండా ఉత్త పేరు రాస్తే కింద ఎన్ని అంతస్తుల లోపల ఆ పేరు దొరికినా వదిలేస్తుంది. నక్షత్రం గుర్తుకు 'ఏ అక్షరాలైనా సరే' అని అర్థం. నక్షత్రం, చుక్క, లాగ్ అని రాస్తే లాగ్ ఫైళ్లన్నీ ఒక్క దెబ్బతో బయటికి పోతాయి. జంట నక్షత్రాలు ఎన్ని ఫోల్డర్లనైనా దాటుకుంటూ లోపలికి వెళతాయి. వరస మొదట్లో హ్యాష్ గుర్తుంటే అది మనుషులు చదువుకునే వ్యాఖ్య. గిట్ దాన్ని పట్టించుకోదు.

ఐదోది ఆశ్చర్యార్థకం. 'పైన వద్దన్నాను గానీ దీన్ని మాత్రం రానివ్వు' అని చెప్పడానికి దాన్ని వాడతారు. చాలామంది తడబడేది ఇక్కడే.

బరంపురం ఉన్న గంజాం జిల్లా తీరంలోనే ఒక ఉదాహరణ చూడొచ్చు. బరంపురానికి దగ్గర్లో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల సంఖ్యలో ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. 2025లో అలా వచ్చినవి ఆరు లక్షలకు పైమాటే. వాటిని డ్రోన్ ఫోటోల్లోంచి లెక్కపెట్టే ప్రోగ్రామును ఒక విద్యార్థిని రాస్తోందనుకుందాం. డ్రోన్ ఫోటోలు బరువైనవి. గిట్‌హబ్ 100 మెగాబైట్లు దాటిన ఫైలును తీసుకోనే తీసుకోదు. అందుకని ఆమె 'డేటా' ఫోల్డరును జాబితాలోకి ఎక్కించింది. ప్రోగ్రామును నడిపి చూడాలనుకునేవాళ్లకు ఒక్క నమూనా ఫోటో అయినా ఉండాలి కదా అని, కింది వరసలో ఆశ్చర్యార్థకం పెట్టి 'డేటా'లోని నమూనా ఫోటో పేరు రాసింది.

నమూనా రాలేదు. ఎన్నిసార్లు చేసినా రాదు. ఫోల్డరునే వద్దన్నాక గిట్ దాని తలుపు కూడా తీయదు. లోపల వేల ఫైళ్లుంటే వాటినన్నిటినీ తరచి చూడటం దండగ అని, వేగం కోసం చేసుకున్న ఏర్పాటది. తలుపే తీయనప్పుడు లోపలున్న నమూనా దానికి ఎలా కనబడుతుంది? ఫోల్డరును కాకుండా ఫోల్డరులోని వస్తువులను వద్దనడం దీనికి మందు. అంటే 'డేటా', గీత, నక్షత్రం. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది, గిట్ ఒక్కొక్కదాన్నీ చూస్తుంది, మినహాయింపు పనిచేస్తుంది. ఒక్క నక్షత్రం తేడా.

ఏ వరస వల్ల ఏ ఫైలు ఆగిపోయిందో తెలియక జుట్టు పీక్కునేవాళ్ల కోసం 'గిట్ చెక్ ఇగ్నోర్' అనే ఆదేశముంది. దానికి 'వెర్బోస్' అనే మాట జోడించి, ఫైలు పేరిచ్చి అడిగితే, ఫలానా జాబితాలో ఫలానా వరస దీన్ని ఆపిందని వరస నంబరుతో సహా చూపిస్తుంది. ఒకే ఫైలుకు రెండు మూడు నియమాలు తగిలితే చివర రాసినదే చెల్లుతుంది.

జాబితాలు కూడా మూడు రకాలు. ప్రాజెక్టుతోపాటు అందరికీ వెళ్లేది మొదటిది. రెండోది డాట్ గిట్ ఫోల్డరులోని 'ఇన్ఫో'లో 'ఎక్స్‌క్లూడ్' అనే పేరుతో ఉంటుంది. ఆ ఒక్క ప్రాజెక్టులో, ఆ ఒక్క మనిషికే అది వర్తిస్తుంది. మూడోది ఆ మనిషి చేసే ప్రాజెక్టులన్నిటికీ కలిపి ఒకటే. డీఎస్ స్టోర్ లాంటివి నిజానికి ఉండాల్సింది ఈ మూడోదాంట్లో. ఒకరి ల్యాప్‌టాప్ అలవాట్లు ఊరందరి జాబితాలోకి ఎందుకు?

ఇంతకీ ఏది ఉంచాలి, ఏది వదలాలి? పిన్నిగారి వంటింట్లోనే దీనికి జవాబుంది. ఆవకాయ కొలతలు ఆవిడ నోటుబుక్కులో రాసుకుంటారు. ఆవకాయను నోటుబుక్కులో పెట్టరు. మూలం ఉంటే మళ్లీ పుట్టించుకోగలిగినదేదీ గిట్‌లో ఉండనక్కర్లేదు. నోడ్ మాడ్యూల్స్‌లో ఏ లైబ్రరీ ఏ వెర్షనుదో చెప్పే ఫైళ్లు రెండు ఉంటే చాలు, ఒక్క ఆదేశంతో వేల ఫైళ్లూ మళ్లీ దిగుతాయి. పైథాన్ రాసేవాళ్లకు 'పైకాష్', జావా రాసేవాళ్లకు 'క్లాస్' ఫైళ్లు ఈ కోవలోవే. ఏ భాషకు ఏవి వదలాలో కూర్చిన తయారు జాబితాలను గిట్‌హబ్ సంస్థే ఒకచోట పెట్టి అందరికీ అందిస్తోంది.

పట్టించుకోకపోవడం వేరు, మరిచిపోవడం వేరు

మళ్లీ బరంపురం కుర్రాడి దగ్గరికొద్దాం. మర్నాడు ఉదయం కాలేజీ సీనియరు ఒకడు ఆ కోడు చూసి ఫోన్ చేశాడు. "తమ్ముడూ, కీ బయట పెట్టేశావేంటి?" కుర్రాడికి గుండె జారింది. గబగబా డాట్ గిట్‌ఇగ్నోర్ తయారుచేసి, అందులో డాట్ ఎన్వ్ పేరు రాసి, మళ్లీ కమిట్ కొట్టి పంపాడు. ఊపిరి పీల్చుకుని పేజీ తిరగేసి చూశాడు. డాట్ ఎన్వ్ అక్కడే ఉంది.

ఆ జాబితా పనిచేసేది గిట్ ఇంకా ఎరగని ఫైళ్ల మీదే. ఒక్కసారి ఫోటోలో పడ్డవాడు గిట్‌కు చుట్టమైపోతాడు. ఆ తర్వాత జాబితాలో అతని పేరు రాసినా, ప్రతి ఫోటోకీ అతని కోసం చూస్తూనే ఉంటుంది. అలాంటి చుట్టాన్ని వేదిక దింపడానికి 'గిట్ ఆర్ఎమ్' ఆదేశానికి 'క్యాష్డ్' అనే మాట జోడించాలి. ఫైలు కంప్యూటర్లో ఉంటుంది. గిట్ లెక్కలోంచి మాత్రం తప్పుకుంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ మార్పును ఇంకో మిత్రుడు తన కంప్యూటరులోకి దింపుకుంటే, అతని దగ్గరున్న ఆ ఫైలు చెరిగిపోతుంది. అతనికి చేరిన వార్త 'ఫైలు తీసేశారు' అన్నదే గాని, 'పట్టించుకోవడం మానేశారు' అన్నది కాదు.

ఇంత చేసినా పాత ఫోటోలు ఆల్బంలోనే ఉంటాయి. నిన్న రాత్రి కమిట్ తెరిస్తే డాట్ ఎన్వ్ నాలుగు వరసలూ పొల్లుపోకుండా కనబడతాయి.

ఆ ఒక్క ఫోటోనూ చింపేస్తే సరిపోదా? గిట్ నిర్మాణం అంత తేలిగ్గా చింపనివ్వదు. ప్రతి కమిట్‌కూ 40 అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ పెట్టరు. అందులో ఉన్న ఫైళ్ల నుంచి, రాసినవాళ్ల పేరు, సమయాల నుంచి, దానికి ముందున్న కమిట్ గుర్తు నుంచి షా-1 అనే గణిత పద్ధతి దాన్ని పుట్టిస్తుంది. ఎక్కడ ఒక్క అక్షరం మారినా ఆ కమిట్ గుర్తు మారుతుంది. అది మారితే దాని తర్వాతిది, ఆ తర్వాతిది, ఇవాళ్టిదాకా అన్నీ మారతాయి. ఎవరూ చాటుగా గతాన్ని దిద్దకుండా ఈ గొలుసు కాపలా కాస్తుంది. చరిత్రను తిరగరాసే 'ఫిల్టర్ రెపో' వంటి పనిముట్లు లేకపోలేదు. వాటితో రాసేది కొత్త ఆల్బం. ఈలోగా పాత ఆల్బానికి నకలు తీసుకున్నవాళ్ల ఇళ్లలో పాత ఫోటో అలాగే ఉంటుంది.

అందుకే సీనియరు చెప్పిన మొదటి మాట చెరపమని కాదు. "ముందు కీ మార్చు. చెరపడం సంగతి తర్వాత చూద్దాం." గిట్‌హబ్ సొంత మార్గదర్శకాలు చెప్పేదీ అదే: బయటపడ్డ కీని రద్దుచేసి కొత్తది తెచ్చుకోవడం మొదటి మెట్టు. తాళంచెవి ఊరంతా చూశాక తలుపుకు రంగు వేసుకుంటూ కూచుంటే లాభమేముంది, తాళమే మార్చాలి.

వేటగాళ్ల ఇరవై నాలుగు గంటలు

అర్ధరాత్రి బరంపురంలో ఒక కుర్రాడు పెట్టిన నాలుగు వరసలు ఎవరి కంట పడతాయని అనిపించవచ్చు. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో ఆ అనుమానం తీర్చారు. గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉన్న కోడును దాదాపు ఆరు నెలలు జల్లెడ పట్టారు. లక్షకు పైగా ప్రాజెక్టుల్లో రహస్య కీలు దొరికాయి. పైగా రోజూ కొత్తగా వేల కీలు వచ్చి పడుతున్నాయని తేలింది. వెతకడానికి మనుషులు అక్కర్లేదు. చాలా కంపెనీల కీలకు ఒక స్థిరమైన రూపం ఉంటుంది, ఫలానా అక్షరాలతో మొదలై ఇన్ని అక్షరాలు అని. ఆ రూపం చెబితే ప్రోగ్రాములే రేయింబవళ్లు గాలిస్తాయి.

పెద్ద సంస్థలూ దెబ్బతిన్నాయి. 2016లో ఉబర్ ఇంజినీర్లు కోడు దాచుకునే గిట్‌హబ్ ఖాతాలోకి ఇద్దరు చొరబడ్డారు. అది బహిరంగ కోడు కాదు, ప్రైవేటుది. కానీ లోపల అమెజాన్ క్లౌడ్ కీ ఉంది. ఆ కీతో 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి. సంస్థ ఏడాదిపాటు విషయం బయటికి పొక్కనివ్వలేదు. చివరికి 2018లో అమెరికా రాష్ట్రాలకు 14.8 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. టొయోటా కథ ఇంకా నిదానం. కార్లను ఇంటర్నెట్‌తో కలిపే దాని సేవకు సంబంధించిన కోడులో కొంత భాగాన్ని, పని అప్పగించిన ఒక కాంట్రాక్టు సంస్థ 2017 డిసెంబరులో పొరపాటున అందరికీ కనబడేలా పెట్టింది. అందులో సర్వరు కీ ఉంది. దాన్ని గమనించింది 2022 సెప్టెంబరులో. దాదాపు ఐదేళ్లు 2,96,019 మంది వినియోగదారుల ఈమెయిల్ చిరునామాలు తలుపు తీసి వదిలేసిన ఇంట్లో ఉన్నట్టే ఉన్నాయి.

ఈ రెండు ఉదంతాల్లోనూ కీ ఉన్నది కోడులోనే. కోడు ఫైలును జాబితాలో పెట్టి వదిలేయలేం కదా. అందుకే కీని ముందు కోడులోంచి పీకి డాట్ ఎన్వ్ లాంటి విడి ఫైలులో పెడతారు, ఆ తర్వాత ఆ ఫైలును జాబితాకెక్కిస్తారు. 2024 నుంచి గిట్‌హబ్ బహిరంగ ప్రాజెక్టులన్నిటికీ ఇంకో కాపలా పెట్టింది. పంపుతున్న కోడులో తనకు తెలిసిన కీ రూపం కనబడితే గుమ్మంలోనే ఆపి, ఇది రహస్యమా అని అడుగుతుంది. కంపెనీ గుర్తులేవీ లేని ఉత్త డేటాబేసు పాస్‌వర్డు దాని కంట పడకుండా జారిపోవచ్చు.

ఒక్క ఫోటోకు మాత్రం వద్దు

ఎప్పటికీ వద్దు అనుకున్నవాటి సంగతి ఇది. 'ఇవాళ్టికి మాత్రం వద్దు' అనుకునే సందర్భాలు ఇంకా ఎక్కువ. కుర్రాడు ఆర్డరు ఫారం సరిచేశాడు. మధ్యలో ధరల పేజీ కూడా సగం మార్చి వదిలేశాడు. ఫారం మాత్రమే కమిట్ చేయాలి. ఇక్కడ జాబితా పనికిరాదు. చుక్క మానేసి ఫైలు పేరుతో పిలవడం ఒక దారి. చుక్క కొట్టి, పక్కనే ఆశ్చర్యార్థకంతో ఫలానాది తప్ప అనడం ఇంకో దారి. అందులో ఆ గుర్తుకు ముందు ఒకదాని కింద ఒకటిగా రెండు చుక్కలు, అంటే కోలన్, పడతాయి. ఈసారి ఆశ్చర్యార్థకానికి అర్థం తిరగబడిందని గమనించాలి: జాబితాలో అది 'రానివ్వు', ఇక్కడ 'ఆపు'. పొరపాటున వేదికెక్కినదాన్ని దింపడానికి 'గిట్ రీస్టోర్' ఆదేశానికి 'స్టేజ్డ్' అని చేర్చి వాడతారు. 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షనుతో అది చేరింది. అంతకుముందు నుంచీ అలవాటున్నవాళ్లు ఇప్పటికీ 'రీసెట్' అనే కొడతారు.

మరి ఫైలు గిట్‌లో ఉండాలి, కానీ తన కంప్యూటర్లో చేసుకున్న మార్పులు మాత్రం ఎన్నటికీ కమిట్‌లోకి రాకూడదు అంటే? చాలామంది 'అస్యూమ్ అన్‌చేంజ్డ్' అనే కిటుకు చెబుతారు. గిట్ రాసినవాళ్ల ప్రశ్నోత్తరాల పత్రం మాత్రం ఆ సౌకర్యం గిట్‌లో లేదని కుండబద్దలు కొడుతుంది. ఆ కిటుకు వేగం కోసం పెట్టింది, దాచడం కోసం కాదు. ఈ పనికి అది సరిగ్గా పనిచేయదు. ఆ పత్రం సూచించే పద్ధతి వేరు: ఖాళీలు వదిలిన నమూనా ఫైలును గిట్‌లో ఉంచడం, నింపిన అసలు ఫైలును జాబితాకెక్కించడం.

ఆవకాయ సూత్రానికి ఎదురు నడిచేవాళ్లూ ఉన్నారు, కారణంతోనే; ఒక తెలుగు ఫాంటు కథ చూద్దాం. గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోది.  ఆయన పేరు పెట్టిన 'గిడుగు' అనే తెలుగు ఫాంటును పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించారు. సిలికానాంధ్ర దాన్ని ఎవరైనా వాడుకునే లైసెన్సుతో విడుదల చేసింది. ఫాంటుకు మూలం అక్షరాల వంపులు గీసిన ఫైలు. కంప్యూటరులో ఎక్కించుకునే టీటీఎఫ్ ఫైలు దాన్నుంచి పుట్టేది. ఆవకాయ సూత్రం ప్రకారం టీటీఎఫ్ గిట్‌లో ఉండకూడదు. అయినా గూగుల్ ఫాంట్స్ వాళ్ల గిట్ భాండాగారం నిండా ఉన్నవి టీటీఎఫ్‌లే. శుభలేఖలు అచ్చువేసే మనిషి మూలం దింపుకుని ఫాంటు వండుకుంటూ కూచోడు. అతనికి తయారైన సరుకు కావాలి. మధ్యలో పుట్టి పోయే ఫోల్డర్లను మాత్రం ఫాంటులు చేసేవాళ్లు కూడా జాబితాలోకే నెడతారు.

బరంపురం కుర్రాడు ఆ ఉదయమే కీ రద్దుచేయించి కొత్తది తీసుకున్నాడు. డేటాబేసు పాస్‌వర్డు మార్చాడు. పాత ప్రాజెక్టును మొత్తంగా తీసేసి ఖాళీ ఫోల్డరుతో మళ్లీ మొదలుపెట్టాడు. అందులో మొదటి కమిట్‌లో వెబ్‌సైటు లేదు. ఉన్నవి రెండే ఫైళ్లు. ఒకటి ఐదు వరసల డాట్ గిట్‌ఇగ్నోర్. రెండోది 'డాట్ ఎన్వ్ డాట్ ఎగ్జాంపుల్': అసలు ఫైలులో ఉన్న నాలుగు పేర్లే, పక్కన కీ ఉండాల్సిన చోట 'ఇక్కడ మీది రాసుకోండి' అని. ఆ తర్వాతే మళ్లీ చుక్క కొట్టాడు.